రెండో ప్రార్థన

మందిరంలో మైకు కూత పెట్టిందంటే మూడు వందల తలలు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. కూత పెట్టకుండా రెండు గంటలు గడిచిపోతే ఒక్క తలా తిరగదు. లోకంలో కొన్ని పనులంతే, సవ్యంగా చేసినంతకాలం చేసేవాడొకడు ఉన్నాడనే ఎవరికీ గుర్తుండదు. మైకు మావయ్య పని అలాంటిది. వారంలో ఆరు రోజులు బజారులో కొట్టు తెరిచి తిరగని ఫ్యాన్లు, పలకని రేడియోలు బాగుచేస్తాడు. ఏడో రోజు పొద్దున్నే వెళ్లి మందిరం వెనక మూల, గోడకీ ఆఖరి బెంచీకీ మధ్య, మైకుల శబ్దం సరిచూసే మిక్సరు బోర్డు ముందు నిలబడతాడు. అలా నిలబడటం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది.

ఈ లెక్క ఆయన దగ్గర లేదు, ఆయన భార్య దగ్గర ఉంది. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మావయ్య కాబట్టి ఆవిడ అత్తయ్య. వాళ్ల పెళ్లినాడు ప్రమాణాల మధ్యలో మైకు కీచుమంటే పెళ్లికొడుకే కొత్త కోటుతో వెనక్కి పరిగెత్తి, మీట సరిచేసి వచ్చి, మిగతా సగం ప్రమాణం పూర్తిచేశాడు. అంతసేపూ అప్పటి పాస్టరుగారు పుస్తకంలో వేలు పెట్టుకుని ఎదురుచూశారు. "ఆ రోజు సగం సేపైనా నా పక్కన నిలబడ్డారు, తర్వాత అదీ లేదు," అంటుంది అత్తయ్య, ఎవరు కదిపినా. ఆ మందిరంలో కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుంటాయి. మూడో వరసలో అత్తయ్య పక్క చోటు మాత్రం ఆవిడ చేతిసంచీది.

ఇన్నాళ్లూ మావయ్య ఈ దెప్పిపొడుపును నవ్వి దాటేశాడు. దాటలేని ఆదివారం ఒకటి వచ్చిపడింది.

ఆ నెలంతా పాస్టరుగారు ఆరాధన గురించే చెబుతున్నారు. వయసులో చిన్నవారే గానీ మాట సూటిగా తగులుతుంది. పాట పాడినంత మాత్రాన ఆరాధన కాదు, మంచి బట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నంత మాత్రాన కాదు, మనసు వెళ్లి దేవుడి ముందు నిలబడాలి అని చెప్పి, చివర్లో అందరికీ తలా ఒక చీటీ పంచిపెట్టించారు. మీరు చివరిసారి మనసారా ఆరాధించింది ఎప్పుడో దాని మీద రాసుకోండి, నాకు చూపించక్కర్లేదు, పక్కవాళ్లకీ చూపించక్కర్లేదు అన్నారు. జనమంతా తలలు వంచి రాసుకున్నారు. అత్తయ్యకైతే చీటీ చాలక వెనక్కి తిప్పి రాసింది.

మావయ్య చెవి మీది పెన్సిలు తీశాడు. కిందటి ఆదివారమా? ఆ రోజు ఎడమ స్పీకరు గరగరలాడింది. అంతకు ముందుదా? క్వయరులో పాడే కొత్తపిల్ల మైకును మింగేసేటట్టు పట్టుకుంది. అలా వారం వారం వెనక్కి నడిచి వెళితే ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క రిపేరుగా గుర్తొచ్చింది తప్ప, దేవుడు ఎక్కడా ఎదురుపడలేదు. ప్రార్థనప్పుడు అందరూ కళ్లు మూసుకుంటారు. ఆయన మూసుకోడు, మూసుకుంటే బోర్డు మీది ఎర్రదీపాలు ఎవరు చూస్తారు? రొట్టె, ద్రాక్షరసం ఆయన దగ్గరికి అందరికన్నా చివర వస్తాయి, వాటిని ఒక చెయ్యి మీట మీద ఉంచే తీసుకుంటాడు. ప్రసంగంలో మాట కన్నా గొంతే ఎక్కువ వింటాడు. ఆలోచించీ ఆలోచించీ చివరికి చీటీ మీద 'నాలుగో మైకు బ్యాటరీ మార్చాలి' అని రాసి జేబులో పెట్టుకున్నాడు.

మామూలుగా అయితే దానికి తనే పడీ పడీ నవ్వుకునేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు. భయం వేసింది. ఇరవై ఆరేళ్లు తండ్రి ఇంట్లోనే ఉండి తండ్రి మొహం చూడని కొడుకునా నేను అనుకున్నాడు. ఊరందరికీ దేవుడి మాట వినిపించి, తన చెవికి మాత్రం ఏమీ చేరలేదంటే దీపం కింద చీకటి అనేది తనలాంటి వాణ్ణి చూసే అన్నారేమో. రేపు పైకి వెళ్లాక నా ఇంట్లో ఏం చేశావురా అని అడిగితే ఏం చెప్పాలి? బ్యాటరీలు మార్చానయ్యా అనాలా?

సోమవారం పొద్దున కొట్టు తెరవకుండానే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, ఇక బోర్డు నావల్ల కాదు, బెంచీలో కూర్చుని నేనూ ఆరాధన చేసుకుంటాను అని చెప్పేశాడు. పాస్టరుగారు కాదనలేరు గదా, ఆయన ప్రసంగమే ఆయనకు అడ్డం తిరిగింది. పనికి మనిషిని వెతికితే లెక్కల టీచరమ్మ ముందుకొచ్చింది. మావయ్య చెవితో మూడేళ్లకు పట్టుకున్న విద్యను ఆవిడ కాగితం మీద గీతలు గీసుకుని మూడు వారాల్లో పట్టేసింది. ప్రతి మీటకీ ఒక అంకె, ప్రతి అంకెకీ ఒక రంగు. పని చేస్తున్నంతసేపూ పెదవి విప్పదు, బడిలో పరీక్షకు కాపలా ఉన్నట్టే నిలబడుతుంది. మావయ్యకు గర్వంగానూ ఉంది, లోపల కాస్త చురుక్కుమంటూనూ ఉంది.

మొదటి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో అత్తయ్య పక్కన కూర్చున్నాడు. సంచీ కిందికి దిగింది. అత్తయ్య మొహం వెలిగిపోయింది, అటుపక్కా ఇటుపక్కా అందరికీ కనబడేటట్టు ఒకటికి రెండుసార్లు తల తిప్పింది. పాట మొదలైంది. మావయ్య కళ్లు మూసుకున్నాడు. మూసుకోగానే చెవులు తెరుచుకున్నాయి. తబలా ఎక్కువైంది. క్వయరు రెండో వరస ఆడపిల్లల గొంతులు అడుగున పడిపోయాయి. ఎక్కడో సన్నగా గుయ్యిమంటోంది, అది ఫ్యానా, లైనా? పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకు వెళ్లినట్టు, బోర్డును వదిలి వచ్చాడు గానీ ఆ చెవులను వదలలేకపోయాడు. కుడిచెయ్యి మోకాలి మీద దానంతట అదే పైకీ కిందికీ జరుగుతోంది. అత్తయ్య ఆ చేతి మీద గట్టిగా గిల్లింది.

రెండో ఆదివారం ఇంకా అన్యాయం. ప్రార్థనలో కూర్చుని ప్రభువా అనుకుంటే ఎర్రదీపాలు కనిపించాయి. ప్రభువా, ప్రభువా అని మళ్లీ మళ్లీ అనుకున్నాడు. లోపలి నుంచి ఏమీ రాలేదు, మోటారు కాలిపోయిన ఫ్యాను రెక్కను చేత్తో తిప్పుతున్నట్టుంది. బెంచీలోకి మారితే ఆరాధన దానంతట అదే వస్తుందనుకున్నాడు పాపం. ఇల్లలకగానే పండగవుతుందా? పక్కనున్న వాళ్లంతా కళ్లు తుడుచుకుంటున్నారు. ఈయనొక్కడే పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు.

ఇంటికి వెళ్లే దారిలో అత్తయ్య వీధి మలుపు దగ్గర ఆగింది.

"ఏమండీ, ఒక మాట చెబితే ఏమీ అనుకోరుగా?"

"చెప్పు."

"మీరు పక్కన కూర్చుంటే నాకు ప్రార్థన కుదరడం లేదు. అటు మెలితిరుగుతారు, ఇటు మెలితిరుగుతారు. సంచీయే నయం."

ఇరవై ఆరేళ్లు అడిగీ అడిగీ, తీరా వస్తే ఇదీ మాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకి. కోపం మాత్రం రాలేదు, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. పోనీ వెనక్కి వెళదామా అంటే మొహం చెల్లదు, పైగా టీచరమ్మ బోర్డును బంగారంలా నడుపుతోంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని అర్థమైపోయింది. ఆరాధన కొందరికి రాసిపెట్టి ఉండదేమో, సంగీతం రానివాళ్లకు ఎంత నేర్పినా రానట్టు, అనుకుంటూ ఇంటికి నడిచాడు.

మంగళవారం కొట్లో ఉండగా పాస్టరుగారు ఫోను చేశారు. మందిరానికి రాలేనివాళ్లు సంఘంలో ఏడుగురున్నారు, మంచం పట్టినవాళ్లు, మెట్లు దిగలేనివాళ్లు. వాళ్ల కోసం నాలుగేళ్ల కిందట మావయ్యే ఒక ఏర్పాటు చేశాడు. ఆదివారం ఒక నంబరుకు ఫోను చేస్తే చాలు, ఏడుగురికీ ఒకే లైనులో ఆరాధన మొత్తం వినబడుతుంది. ఆ లైను రెండు వారాలుగా సరిగా లేదని ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారట. పాటలు వస్తున్నాయట, ప్రసంగమూ వస్తోందట. రెండో ప్రార్థన మాత్రం రావడం లేదట.

"రెండో ప్రార్థన ఏమిటండీ? మనం చేసేది ఒకటే కదా," అన్నాడు మావయ్య.

పాస్టరుగారికీ అంతు చిక్కలేదు. మొదట పెద్దతనం వల్ల ఏదో పొరబడ్డారనుకున్నారట, కానీ ఏడుగురికీ ఒకే పొరపాటు రాదు గదా. పోస్టమ్మగారు అందరికన్నా గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, ఒకసారి వెళ్లి ఆవిడ ఫోను చూసి రమ్మన్నారు.

పోస్టమ్మగారంటే ముప్పై ఎనిమిదేళ్లు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు పోయి ఆరేళ్లుగా మేడ మీద గది దాటలేదు. గదిలో కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ఎత్తుపీట, పీట మీద ఫోను. అన్నీ చేతికందే దూరంలో, వేటి గడిలో అవి, తపాలా ఆఫీసులో ఉత్తరాలు సర్దినట్టే ఉన్నాయి. మావయ్యను ఆవిడ ఎప్పుడో దూరం నుంచి చూసి ఉంటుంది తప్ప మాట్లాడిన గుర్తు లేదు. ఫోను బాగుచేయడానికి వచ్చానంటే రమ్మని పీట చూపించింది. ఆవిడ ఉద్దేశంలో ఇది తప్పిపోయిన పార్సిలు వ్యవహారం. నాలుగేళ్లు వారం వారం తప్పకుండా వచ్చిన వస్తువు రెండు వారాలుగా రావడం లేదంటే దారిలో ఎక్కడో ఆగింది, ఎక్కడ ఆగిందో తేల్చాలి.

మావయ్య నంబరు తిప్పి చూశాడు, స్పీకరు పలుకుతోంది. సరే, లోపల కూడా చూద్దామని ఫోనును బోర్లించి మరలు విప్పడం మొదలుపెట్టాడు. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదలనంటోంది.

"తండ్రీ, ఇది బిగించిన మహానుభావుడెవరో గానీ, వాడి చెయ్యి చల్లగుండ. కాస్త వదులుచెయ్యవయ్యా," అని గొణుక్కుంటూ స్క్రూడ్రైవరు మీద బరువు వేశాడు.

మంచం మీద కదలిక ఆగిపోయింది.

"మళ్లీ అను," అంది పోస్టమ్మగారు.

"ఏమిటమ్మా?"

"ఇప్పుడన్నావే, ఆ మాట మళ్లీ అను. తండ్రీ అన్నావు కదా, అదే గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. రెండో ప్రార్థన నువ్వే కదయ్యా."

మావయ్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమవడం మొదలయ్యాక చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. బోర్డు మీద వంగే మెడ ఉన్న చిన్న మైకు ఒకటి ఉంటుంది, కాస్త దగ్గరికి జరగండనో, ఆగండనో క్వయరువాళ్లకు చెప్పడానికి. దాని మీట నొక్కితేనే మాట వేదిక మీదికి వెళుతుంది. నొక్కకపోతే ఎంత మాట్లాడినా నోట్లోనే ఉన్నట్టు లెక్క. కానీ నాలుగేళ్ల కిందట ఫోను లైను కలిపిన హడావిడిలో, ఆయన వైరు లాగింది ఆ మీటకు ముందున్న సాకెట్లోంచి. అంటే మీట నొక్కినా నొక్కకపోయినా, ఆ మైకు ముందు అనుకున్నదల్లా తిన్నగా ఏడు ఇళ్లకు చేరిపోయింది. హాల్లో వినబడనిది లోకంలో ఎక్కడా వినబడదని నమ్మడం మైకువాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా?

అయితే ఏమేమి దాటినట్టు? పని చేస్తున్నంతసేపూ గొణగడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. కొట్లోనూ అంతే, బోర్డు దగ్గరా అంతే. ఏం గొణిగాడో ఆయనకే తెలియదు. పోస్టమ్మగారికి మాత్రం తెలుసు.

తబలా ఆయన వేళ్లకు వాపు తగ్గలేదు, చూడు తండ్రీ. ఈ పిల్ల పొద్దున ఏమీ తినకుండా వచ్చింది, గొంతులో తెలుస్తోంది, పాట అయ్యేదాకా పడిపోకుండా చూడు. ఇవాళ వెనక బెంచీలో ఎవరో కొత్తమనిషి ఒక్కడే కూర్చున్నాడు, వెళ్లిపోయేలోగా ఎవరైనా పలకరించేటట్టు చెయ్యి. పాస్టరుగారి గొంతు పూడుకుపోతోంది, రాత్రి నిద్రపోయినట్టు లేరు. ఇలా ఒక్కొక్కటీ అప్పజెప్పుకుంటూ పోయింది ఆవిడ. మధ్యలో ఒకటి చెప్పి కిసుక్కున నవ్వింది. "ప్రసంగం ఇంక ముగించవయ్యా, పిల్లలు ఆకలికి సోలిపోతున్నారు" అన్న దానికి ఏడుగురూ అన్నిటికన్నా గట్టిగా ఆమేన్ చెప్పారట.

మావయ్య తేలు కుట్టిన దొంగలా తలవంచుకు కూర్చున్నాడు.

"ఇంకోటుంది. పొద్దున మా ఆవిడ మీద అనవసరంగా నోరు పారేసుకున్నాను, ఇంటికెళ్లేలోగా ఆవిడ కోపం తగ్గించమన్నావు, పోయిన వానాకాలంలో. అందరం అడిగాం. తగ్గిందా నాయనా?"

"తగ్గిందండీ," అన్నాడు, నేల చూస్తూ.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. నాలుగేళ్లపాటు పవిత్రమైన ఆరాధనలో తన సణుగుడు కలిపి పెద్దవాళ్ల చెవిలో పోశానని, తప్పయిపోయిందని, అది ప్రార్థనని మీరు పొరబడ్డారని చెప్పుకున్నాడు. చీటీ సంగతి కూడా ఎందుకో బయటపడింది, ఇంట్లో భార్యకు కూడా చెప్పని సంగతి. తనకు ఆరాధన రాదని, బెంచీలో కూర్చున్నా రాలేదని, దేవుడి ముందు వట్టి చేతులతో నిలబడాల్సి వస్తుందేమోనని భయంగా ఉందని, మరలు వేళ్ల మధ్య తిప్పుకుంటూ అంతా చెప్పేశాడు.

పోస్టమ్మగారు అడ్డు రాకుండా విన్నది.

"అది ప్రార్థన కాదంటావు."

"కాదమ్మా. పని చేసుకుంటూ గొణుక్కోవడం."

"ఎవరితో గొణుక్కున్నావు?"

మావయ్య నోరు తెరిచాడు. తనలో తనే అని చెబుదామనుకున్నాడు, కానీ తనలో తను మాట్లాడుకునేవాడు తండ్రీ అని ఎందుకంటాడు? ప్రతి మాటా ఆ పిలుపుతోనే మొదలవుతుంది. కొట్లో మరను తిప్పుతున్నా అంతే. అమ్మ పక్కగదిలో ఉన్నట్టు, వినబడుతుందో లేదో అని చూసుకోకుండా, పిల్లలు పిలిచినట్టు పిలుస్తూనే ఉన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఎందుకో ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ వెతికింది పోగొట్టుకున్నది కాదని తెలిసిన సంతోషం అది.

"పాటలు రేడియోలో కూడా వస్తాయి. ప్రసంగాలకు లోటు లేదు. కానీ అక్కడ ఎవరు కూర్చున్నారో, ఎవరికి ఏం కష్టమో ఎవరు చెబుతారు మాకు? నువ్వు ఎవరి కోసం అడిగితే వాళ్ల కోసం మేమూ అడిగేవాళ్లం. మంచంలో పడున్నవాళ్లకి ఇంకేం పనుంటుంది చెప్పు. ఆ రెండు గంటలూ మేం కూడా మందిరంలోనే ఉన్నాం, నీ పుణ్యమాని. ఒకళ్లకొకళ్లం వినబడతాం, ఆమేన్ అంటాం. నీకు వినబడదా?"

వినబడదు. అటు నుంచి వచ్చే గొంతుల మీట ఒకటుంది. మొదటి వారంలోనే ఎవరి ఇంట్లోదో కుక్క ప్రసంగం మధ్యలో మొరిగిందని ఆయనే దాన్ని సున్నాకు దించేసి, మళ్లీ ముట్టుకోలేదు. ఆ మాట చెబితే ఆవిడ ఫోను బిగించమంది.

ఇంటికి వెళ్లి అత్తయ్యకు చెప్పాడు. ఆవిడ ముందు నోరు నొక్కుకుంది, తర్వాత పకపకా నవ్వింది. ఆ వానాకాలం నాడు తిట్టడానికి మాటలు కూడబెట్టుకుని గుమ్మంలో కాచుకుంటే, తీరా ఈయన మొహం చూసేసరికి ఒక్కటీ గుర్తురాలేదట. ఏడుగురు కలిసి తన నోరు కట్టేశారన్నమాట. నవ్వు అయిపోయాక, రేపు ఆదివారం వెనక్కి వెళ్లిపొండి అంది, మామూలుగా. టీచరమ్మ కూడా పెద్దమనసుతో తప్పుకుంది, నెలలో ఒక వారం మాత్రం తనకు వదలాలని షరతు పెట్టి.

శనివారం సాయంత్రం వైర్లు అతికే సాల్డరింగ్ ఐరన్ పట్టుకుని మందిరానికి వెళ్లాడు, తప్పు వైరును తీసేయాలో వద్దో తేలక. వైరును చాలాసేపు చూశాడు. దాన్ని అలాగే వదిలి, అటు గొంతుల మీటను మాత్రం తన హెడ్‌ఫోనుకు కలిపి పైకెత్తి వచ్చాడు.

ఆదివారం మొదటి పాట ఎత్తుకోకముందే హెడ్‌ఫోనులో ఇళ్లు తెరుచుకున్నాయి. ఎవరిదో మంచం కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఎవరి ఇంట్లోదో గోడగడియారం టకటకమంటోంది. వీళ్లంతా వింటున్నారని తెలిసేసరికి మావయ్య చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, చిన్న మైకు దగ్గరికి వంగి, వేదిక మీద పెద్దలు చేసినట్టే మొదలుపెట్టాడు. సర్వోన్నతుడవైన ప్రభువా, ఈ శుభోదయమున నీ దివ్యసన్నిధిని సమకూడిన మమ్ములను, అంటూ నాలుగు మాటలు లాగాడు.

"ఎవరీయన?" అంది ఒక ముసలి గొంతు చెవిలో.

"కొత్తాయనలా ఉన్నాడు," అంది ఇంకోటి.

"మనవాడే. సిగ్గుపడుతున్నాడు," అంది పోస్టమ్మగారు.

దాంతో ఆ నాలుగు మాటలు కూడా పోయాయి. పెదవులు బిగించేసి పనిలో పడ్డాడు. తెలియక మాట్లాడినంత కాలం మాట్లాడాడు, తెలిశాక నోరు పెగలడం లేదు, ఇదేం ఖర్మ అనుకున్నాడు. ఇక జన్మలో రాదేమో.

మూడో పాటలో రెండో చరణం ఒక్కతే పాడాల్సిన పిల్ల ముందుకొచ్చింది. బేకరీలో పనిచేస్తుంది. రెండు వారాల కిందట తల్లి పోయింది, ఉన్నది ఆ ఒక్క తల్లే. మళ్లీ మందిరానికి రావడం ఇదే మొదలు. మొదటి మాట బాగానే వచ్చింది. రెండో మాట దగ్గర గొంతు జారింది. మావయ్య వేళ్లు ఆలోచించలేదు. ఆ పిల్ల మీటను మెల్లగా కిందికి దించాయి, ఏడుపు హాల్లోకి పోకుండా. మిగతా క్వయరును అంతే మెల్లగా పైకెత్తాయి. వాళ్లు అందుకున్నారు. పాట ఎక్కడా తెగలేదు.

"తండ్రీ, ఇంటికెళితే ఇక ఒక్కతే ఈ పిల్ల. పాట నేను చూసుకుంటాను, పిల్లను నువ్వు చూసుకో."

అనేశాక గానీ అన్నట్టు తెలియలేదు. చెవిలో మొదట ఒకరు ఆమేన్ అన్నారు. తర్వాత ముగ్గురు, కలవకుండా. ఒకాయన దగ్గు ఆపుకుని అన్నాడు. ఒకావిడ ఏడుస్తూ అంది. ఏడోది చాలా ఆలస్యంగా, పళ్లు లేని నోటితో వచ్చింది. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఇవి తన వెనకే వచ్చి, తను దించేసిన మీట దగ్గర ఆగిపోతూ ఉన్నాయని తలుచుకుంటూ మావయ్య ఒక చేత్తో హెడ్‌ఫోనును చెవికి అదుముకున్నాడు.

"ఆగిపోయావేం నాయనా?" అంది పోస్టమ్మగారు. "తర్వాత ఎవరు?"

మావయ్య హాలు వైపు చూశాడు. అడగాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరినీ చెప్పలేకపోయాడు.

"నేనమ్మా," అన్నాడు.

పోస్టమ్మగారే మొదలుపెట్టింది, ఏ సాగదీతా లేకుండా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు.

"తండ్రీ, ఇతను ఎవరెవరి కోసమో అడిగాడు. తన కోసం అడగడం చేతకాదు. అందుకని మేం ఏడుగురం అడుగుతున్నాం. నీ ఇంట్లో తనకు చోటు లేదని బెంగపెట్టుకున్నాడట. ఆ బెంగ తీసెయ్యి."

ఆరుగురూ ఆమేన్ అన్నారు. ఆ తర్వాత ఎవరి గొంతు కోసమో ఆగినట్టు ఊరుకున్నారు. ఆ వంతు తనదని మావయ్యకు అర్థమైంది. ఆమేన్ అన్నాడు గానీ మరీ మెల్లగా, అవతలికి వినబడలేదు. మళ్లీ అన్నాడు.